అన్నది నత్తి, తమ్ముడిది మైకు

తప్పు చేసింది మీరే. పక్కవాడి వంక చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. "నీ గాయమే నీ బ్రాండ్" అని మూడు రోజుల వర్క్‌షాపులు పెట్టే గురువులూ, వక్తని పిలిచే ముందు "కళ్ళు చెమర్చే కథ ఏదైనా ఉందా సార్?" అని ఫోన్లో ఆరా తీసే మేనేజర్లూ, చల్లటి హాల్లో కూర్చుని ఎవడి కష్టానికో గంటసేపు కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే భోజనాల దగ్గర ఒకర్నొకరు తోసుకునే శ్రోతలూ, అందరూ దోషులే. మీరు అడిగారు. అడిగారు కాబట్టే ఒకడు అమ్మాడు.

అలాగని అతనూ తక్కువ తినలేదు. అమ్మిన సరుకు అతనిది కాదు.

అతన్ని అందరూ మైకు అంటారు. బడిలో పడిన పేరు, అలాగే ఉండిపోయింది. అతని వృత్తి మాట్లాడటం. కంపెనీలు పిలుస్తాయి, సేల్స్ వాళ్ళని వరసగా కూర్చోబెడతాయి, మైకు గంటన్నర మాట్లాడి ఉత్సాహం నింపి పోతాడు. ఆ ఉత్సాహం వారం తిరక్కుండా ఇంకిపోతుంది. అప్పుడు ఇంకో వక్తని పిలుస్తారు. చిక్కంతా అక్కడే. ఆ ఇంకో వక్త కాకుండా మళ్ళీ తననే పిలవాలంటే ఏం చెయ్యాలి? అందుకే బ్రాండ్ గురువు దగ్గర చేరాడు.

"నీ గాయం ఏంటి?" అన్నాడు గురువు, మొదటిరోజు, అందరి ముందూ.

"గాయమా సార్? చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలు..."

"అది కట్టు కడితే పోతుంది. లోపలి గాయం చెప్పు. తాగుబోతు తండ్రి? మోసం చేసిన ప్రియురాలు?"

"నాన్న సోడా కూడా తాగరు సార్. ప్రియురాలు ఇంకా దొరకలేదు."

హాలంతా నవ్వింది. గురువు నవ్వలేదు. "మరి నిన్ను ఎవడు కొంటాడు?"

ఆ ప్రశ్నకి మైకు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి అన్నయ్య నత్తి ఊడిపడింది. చిన్నప్పుడు చుట్టాలు వచ్చినప్పుడల్లా అన్నయ్య మాట్లాడే తీరు చేసి చూపించి, అత్తయ్యల్నీ పిన్నుల్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు. ఆ విద్య ఎక్కడికి పోతుంది? "నా... నా... నాకు చిన్నప్పుడు మా... మాట వచ్చేది కాదు సార్" అన్నాడు. గురువు కళ్ళు మెరిశాయి.

ఆర్నెల్లలో మైకు పేరు మోగిపోయింది. "మాట రాని పిల్లవాడు, మైకు పట్టిన మొనగాడు" అని పోస్టర్లు. "ఇరవై ఒక్క రోజుల్లో గొంతు విప్పండి" అని ఆన్‌లైన్ కోర్సు.

ఆ పోస్టరు తయారుచేసింది ఎవరనుకున్నారు? అన్నయ్యే. అన్నదమ్ములిద్దరూ ఒకే అద్దె ఇంట్లో ఉంటారు. అన్నయ్య ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని ప్రింటింగ్ ప్రెస్సులకి డిజైన్లు చేస్తాడు, మనుషులతో వీలైనంత వరకు మెసేజీల్లోనే మాట్లాడతాడు. తమ్ముడు ఇచ్చిన కాగితం చదివాడు. చాలాసేపు తెర వంక చూశాడు. తర్వాత అక్షరాలు పేర్చాడు.

ఒక్క మాట కూడా అనలేదు. 'అన్నయ్యకి అభ్యంతరం లేదు' అనుకున్నాడు మైకు.

* * *

ఆమె అతనికి ఎదురుపడింది ఒక హోటల్ హాల్లో, ప్రసంగం అయ్యాక, కాఫీ విరామంలో.

మైకు అప్పుడు నెట్‌వర్కింగ్ చేస్తున్నాడు. దానికీ గురువు సూత్రం ఉంది: చేయి కలుపు, కళ్ళలోకి చూడు, ఎదుటివాళ్ళ పేరు రెండుసార్లు పలుకు, కార్డు ఇవ్వు. తొమ్మిది చేతులు అయిపోయాయి. పదో చెయ్యి ముందుకి రాలేదు. దాని బదులు తడిసిన గొడుగు ఒకటి కనిపించింది. గొడుగు వెనక వెలిసిన నీలం చొక్కా, భుజాన బరువైన సంచి, చిటపటలాడుతున్న రెండు కళ్ళు. గొడుగు నీళ్ళు హోటల్ వాళ్ళ ఖరీదైన తివాచీ మీద కారుతున్నా ఆమెకి పట్టలేదు.

"నమస్కారం మేడం! మీ పేరు?"

"ఎందుకు? రెండుసార్లు పలికి కార్డు ఇవ్వడానికా? ఇందాకట్నుంచి చూస్తూనే ఉన్నా."

మైకు తీసిన కార్డు మళ్ళీ జేబులో పెట్టాడు. "ప్రసంగం ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది. అబద్ధం ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. నేను స్పీచ్ థెరపిస్టుని. నత్తితో ఇబ్బంది పడేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఒకాయన ఏడు నెలలుగా వస్తున్నాడు, మెల్లగా దారిలో పడుతున్నాడు. అంతలో మీ కోర్సు దొరికింది. నా దగ్గరికి రావడం మానేసి, ఇరవై ఒక్క రోజులు అద్దం ముందు నిలబడి అరిచాడు. ఇరవై రెండో రోజు ఉద్యోగం ఇంటర్వ్యూ. నోరు తెరిస్తే మాట రాలేదు. ఇంటికొచ్చి అద్దం పగలగొట్టాడు. ఇప్పుడు తలుపే తియ్యడం లేదు. దీనికి ఏ స్లైడు వేస్తారు?"

"అంటే మేడం, పట్టుదల అనేది..."

"అంటే ఆయనకి పట్టుదల లేదంటారు. తప్పు ఆయన మీదకే తోస్తారు. బాగుంది."

మాటల పుట్ట అయిన మైకుకి ఏం అనాలో తోచలేదు. తోచనప్పుడు చేసే పనే చేశాడు. కార్డు తీసి రెండు చేతులతో అందించాడు. ఆమె దాన్ని చదివింది. పక్కన కాఫీ కప్పుల బల్ల ఒకటి ఇందాకట్నుంచి గడగడలాడుతోంది. కార్డుని నాలుగు మడతలు పెట్టి, వంగి, బల్ల కాలి కింద దోపింది.

"ఇప్పుడు పనికొచ్చింది" అంది చేతులు దులుపుకుంటూ.

మైకు నవ్వేశాడు. మూడేళ్ళలో ముందుగా రాసుకోని చోట నవ్వడం అదే మొదలు.

"తిడితే నవ్వుతారేంటి?"

"తిట్టారు. నిజమే. కానీ బల్ల ఊగడం ఆగింది కదండీ."

ఆమె పెదవి కొరుక్కుంది. కోపంతోనో, నవ్వు ఆపుకోవడానికో చెప్పడం కష్టం. చెప్పలేకపోవడంతోనే మైకు పని అయిపోయింది.

* * *

పరిచయం అయిన నలభై ఎనిమిది గంటల్లో మళ్ళీ కలవాలని గురువు మాట. మైకు ఇరవై గంటలకే వెళ్ళాడు.

తాళంచెవులు కోసే షాపు మీద రెండు గదులు ఆమె క్లినిక్. కింద రాపిడి యంత్రం గీమంటుంటే పైన కిటికీ అద్దాలు సన్నగా వణుకుతుంటాయి. లోపల తొమ్మిది కుర్చీలు, గోడ మీద గుండ్రటి తెల్లటి మచ్చ. అక్కడ ఒకప్పుడు గడియారం ఉండేది. మాట పట్టేసినప్పుడు అందరి కళ్ళూ దాని మీదకే పోతున్నాయని ఆమే పీకేసింది.

"మళ్ళీ కార్డు తెచ్చారా?"

"లేదు డాక్టర్ గారూ."

"నేను డాక్టర్ని కాదు."

"నా జబ్బుకి మీరే డాక్టరు."

"ఏం జబ్బు?"

"మాటలు ఎక్కువ."

"అది జబ్బు కాదు, దురలవాటు. మందు లేదు."

మైకు నవ్వి, నవ్వు ఆపి అడిగాడు. "ఆయన దగ్గరికి నేను వెళ్ళి మాట్లాడనా? అద్దం పగలగొట్టినాయన."

"మీరు మాట్లాడబట్టే కదా ఇంతా వచ్చింది." ఆమె కాసేపు అతన్ని ఎగాదిగా చూసింది. "ఒక పని చెయ్యండి. శనివారం పదకొండింటికి ఇక్కడ మావాళ్ళు కూర్చుంటారు. రండి. షరతులున్నాయి. ఉపన్యాసం ఇవ్వకూడదు. ఎవరికైనా మాట ఆగితే మీరు అందించకూడదు. ఎంతసేపైనా సరే, ఆగాలి."

"గంటసేపు నోరు మూసుకోవాలా?"

"కష్టమా?"

"ఇరవై ఒక్క రోజులు పట్టేలా ఉంది."

ఈసారి ఆమె నవ్వింది. కింద యంత్రం ఆగి ఉండటం వల్ల ఆ నవ్వు పూర్తిగా వినిపించింది.

* * *

శనివారం ఏడుగురు వచ్చారు. వాళ్ళలో కింద షాపులో తాళాలు చేసే ఆయన ఒకడు. నలభై దాటిన మనిషి, చేతినిండా ఇనుప రజను. తన వంతు వచ్చినప్పుడు ఆయన తన కూతురి పేరు గురించి చెప్పాడు. ఒక్కో వాక్యానికి నిమిషం పట్టింది. కొన్నిచోట్ల దవడ బిగుసుకుపోయి, కళ్ళు మూసుకుని, మెడ నరాలు లేచేదాకా పోరాడాడు. మైకు నాలుక పదిసార్లు దురద పెట్టింది. పళ్ళ మధ్య బిగించి ఆపుకున్నాడు.

పిల్ల పుట్టినప్పుడు భార్య ఒక పేరు అనుకుందట. ముద్దుగా ఉంది. కానీ ఆ పేరు మొదటి అక్షరం ఆయనకి పలకదు. జన్మంతా కూతుర్ని పిలవలేక నీళ్ళు నమలాలా అని భయపడి, నోటికి పలికే ఇంకో పేరు పెట్టించాడు. భార్యకి కారణం చెప్పలేదు. "అది... దాని పేరు కాదు. నా... పిరికితనం పేరు" అన్నాడు.

ఆయన చెమట తుడుచుకుని, మైకు వైపు తిరిగాడు. పోస్టర్లో చూసిన మొహం కదా, కళ్ళనిండా అభిమానం.

"సార్. మీకు... ఏ అక్షరం కష్టంగా ఉండేది?"

అన్నయ్య నత్తి ఎత్తుకొచ్చాడు గానీ, ఏ అక్షరం దగ్గర అన్నయ్య ఆగిపోతాడో ఏనాడూ గమనించలేదు. నోటికి వచ్చింది అనేశాడు. "మ. అమ్మా అని పిలవలేకపోయేవాణ్ణండీ."

తాళాలాయన కళ్ళు నిండిపోయాయి. ఇనుప రజను అంటిన చెయ్యి తెచ్చి మైకు మోకాలి మీద వేశాడు. ఆ చెయ్యి తీసేసిన గంటకి కూడా మైకుకి ఆ చోట మంటగానే ఉంది. సిగ్గు ఒంట్లో ఎక్కడ కూర్చుంటుందో అతనికి ఆ రోజు తెలిసింది.

అయినా వెళ్ళడం మానలేదు. అయిదు శనివారాలు వెళ్ళాడు. కుర్చీలు వేశాడు, తీశాడు. మధ్యలో రెండు కంపెనీల్లో అదే ప్రసంగం ఇచ్చాడు. మాట ఆగినట్టు నటించే చోట జనం నవ్వుతుంటే, మూడో వరసలో తాళాలాయన కూర్చున్నట్టు అనిపించి నీళ్ళు తాగాడు. గురువు ఫోన్ చేశాడు. "పెద్ద సదస్సు, రెండు వేల మంది, మొదటి ప్రసంగం నీదే" అన్నాడు. "అలాగే సార్" అన్నాడు. మొహం మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉంది.

* * *

అయిదో శనివారం వాన పట్టుకుంది. అందరూ వెళ్ళాక ఇద్దరూ మెట్లు దిగారు. గొడుగు ఒకటే.

"గొడుగు పట్టుకోవడం కూడా రాదా మీకు? సగం వాన నా భుజం మీదే ఉంది."

"మీరు ఇంకొంచెం ఇటు జరిగితే..."

"జరిగితే?"

"మిగతా సగం నేను తడుస్తా."

ఆమె జరిగింది. వీధి చివర మూసి ఉన్న షాపు చూరు కింద ఆగారు. నీళ్ళు తెరలా పడుతున్నాయి.

"మీకో మాట చెప్పాలి" అన్నాడు మైకు.

"మొహం చూస్తే రెండు ఉన్నట్టున్నాయి."

"ఒకటి, మీరంటే నాకు ఇష్టం. సరదాకి కాదు. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్తా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు వాన మీదే ఉంచింది. "రెండోది?"

మైకు గొడుగు చేతులు మార్చుకున్నాడు.

"రెండోది చెప్తేగానీ మొదటిది వినను. నాకేం వినపడలేదు, వాన."

"నాకు..." అతను నేల చూశాడు. "నాకు నత్తి ఎప్పుడూ లేదు."

ఆమె ఉలిక్కిపడలేదు. "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"హోటల్లో, మీరు మూడో వాక్యం మాట్లాడినప్పట్నుంచి. నత్తి ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా బరువైన మాట సొంత పేరు. వేరే మాటైతే మార్చి ఇంకోటి వేసుకుంటారు. పేరుని ఏం పెట్టి మారుస్తారు? మీరు మీ పేరు మంచినీళ్ళలా చెప్పేశారు. ఆగింది ఎక్కడ? సరిగ్గా జనం నవ్వాల్సిన చోట. నత్తికి జోకు ఎక్కడ వస్తుందో తెలీదు. వెక్కిరించేవాడికే తెలుస్తుంది."

మైకు తల ఎత్తలేకపోయాడు. "తెలిసీ ఎందుకు రమ్మన్నారు?"

"మొదట మీరు సిగ్గుపడాలని. వాళ్ళ మధ్య కూర్చుని కుమిలిపోవాలని. తర్వాత..." గొంతు తగ్గింది. "తర్వాత మీరు కుర్చీలు వెయ్యడం మొదలుపెట్టారు. అక్కడ చెడింది."

"అంటే?"

"అంటే నాదీ తప్పే. తాళాలాయనకి మీరు 'మ' అని చెప్పినరోజే మిమ్మల్ని మెట్ల మీంచి తోసెయ్యాల్సింది. తోస్తే మళ్ళీ రావేమోనని ఊరుకున్నా. నావాళ్ళని నమ్మించి మోసం చేస్తుంటే, నా స్వార్థం కోసం నోరు మూసుకున్నా. రోజూ అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు." ఆమె 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఎప్పుడు దిగిందో ఇద్దరూ గమనించలేదు. "ఎవరిది అది? ఎవర్ని వెక్కిరించి నేర్చుకున్నావ్?"

"మా అన్నయ్యని."

"ఆయనకి తెలుసా, నువ్వు దాన్ని ఇలా వాడుకుంటున్నట్టు?"

"తెలుసు. పోస్టరు చేసిందే వాడు. వాడికేం అభ్యంతరం లేదు. ఒక్క మాట కూడా అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా..."

అక్కడ మైకు నాలుక దానంతట అదే ఆగింది.

"మళ్ళీ అను" అంది ఆమె.

అతను అనలేకపోయాడు.

"మాట రాక నలిగిపోయే మనిషి ఒక్క మాట కూడా అనలేదని, దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క వేసుకున్నావా?"

ఆమె గొడుగు అతని చేతిలోనే వదిలేసి వానలోకి నడిచింది. మైకు ఆ గొడుగు విప్పి పట్టుకోవడానికి తనకి అర్హత లేదనిపించి, మడిచి చంకలో పెట్టుకుని తడుస్తూ ఇంటికి పోయాడు.

* * *

అన్నయ్య కంప్యూటర్ ముందు ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి తువ్వాలు విసిరాడు. మైకు దాన్ని పట్టుకున్నాడు గానీ తుడుచుకోలేదు.

"అన్నయ్యా. ఆ పోస్టరు చేసినప్పుడు నీకు కోపం రాలేదా?"

అన్నయ్య చెయ్యి మౌస్ మీద ఆగింది. పెదవులు విడివడ్డాయి. దవడ బిగిసింది. చిన్నప్పట్నుంచీ ఇదే అదను. ఈ క్షణంలోనే మైకు దూరేవాడు, అన్నయ్య మాట తనే పూర్తిచేసి పని ముగించేవాడు. సాయం చేస్తున్నానని కూడా అనుకునేవాడు. ఇప్పుడు కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఎన్ని బొట్లో.

"వచ్చింది" అన్నాడు అన్నయ్య.

"మరి చెప్పలేదే?"

"నోరు... తెరిచా. 'రంగు బాలేదా, మార్చెయ్' అని... నువ్వే అనుకుని వెళ్ళిపోయావ్."

గుర్తొచ్చింది. నిజమే. ఆ రోజు బూట్ల లేసు కట్టుకుంటూ అన్నాడు ఆ మాట. తల కూడా తిప్పలేదు.

"నీకు ఏ అక్షరం కష్టం అన్నయ్యా?"

అన్నయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ముప్పై మూడేళ్ళుగా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చాలాసేపటికి "క" అన్నాడు. "నా పేరూ దాంతోనే... కదా."

మైకు అక్కడ నిలబడలేక వంటగదిలోకి నడిచాడు. "టీ పెడతా ఉండు."

"నాకు టీ... ఇష్టం లేదు."

"అదేంటి! ఇరవై ఏళ్ళుగా ఎక్కడికెళ్ళినా టీయే కదా అడుగుతావ్!"

"టీ అని... అనగలను."

మైకు పొయ్యి ముందు అలాగే నేల మీద చతికిలబడ్డాడు. వేదిక మీద వెయ్యి మందికి "మీ వాళ్ళ మనసు వినండి" అని పాఠం చెప్పిన పెద్దమనిషి. ఒక్క కప్పు కాఫీ అడగలేక ఇరవై ఏళ్ళు టీ మింగిన అన్న, పక్కగదిలో. గోడ బీటలు వారి మింగేస్తే బాగుండునని అనిపించింది. గోడలు అంత తేలిగ్గా ఎవర్నీ మింగవు.

అన్నయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాడు మైకు.

"తీసెయ్. నాది... నాకు ఇచ్చెయ్."

"నువ్వే చెప్తావా, ఎక్కడైనా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "నేను ఎక్కడా చెప్పను. అది చెప్పుకోవడానికి... కాదు. అది నేను."

మైకు అక్కడే కూర్చుని, అన్నయ్యకి వినపడేలా స్పీకర్ పెట్టి, గురువుకి ఫోన్ చేశాడు. ఉన్నదంతా చెప్పాడు. అవతలి నుంచి కేక.

"అద్భుతం! ఇది ఇంకా పెద్ద కథ! 'నేను అబద్ధాలకోరుని', అదే టైటిల్. సదస్సులో మోకాళ్ళ మీద కూర్చుంటావ్, లైట్లు ఆపేస్తాం, మీ అన్నయ్య నడుచుకుంటూ వస్తాడు, ఇద్దరూ కౌగిలించుకుంటారు. రెండు వేల మంది లేచి నిలబడతారు బాబూ!"

చెప్పడానికి నోరు రాని విషయం ఒకటుంది, అయినా చెప్తాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మైకు కళ్ళ ముందు ఆ చీకటి వేదిక మెదిలింది. చప్పట్లు వినిపించాయి. తల ఎత్తితే అన్నయ్య తననే చూస్తున్నాడు. ఆ క్షణం అన్నయ్యకి కనిపించిపోయింది. మైకు జీవితంలో అంతకన్నా నీచమైన క్షణం లేదు.

"వద్దు సార్."

"మరి నీ బ్రాండ్ ఏమైపోవాలి?"

"చచ్చిపోయింది సార్. మీరు మాత్రం ఏడవకండి, దాంతో కూడా కథ అల్లేస్తారు."

ఫోన్ పెట్టేశాక అన్నయ్య ముక్కులోంచి చిన్నగా నవ్వాడు. అది క్షమించడం కాదు. నవ్వు వచ్చింది, అంతే.

* * *

మంగళవారం మైకు అద్దం పగలగొట్టినాయన ఇంటికి వెళ్ళాడు. తలుపు తియ్యలేదు. మూసిన తలుపుకే తప్పు ఒప్పుకుని, కోర్సు బూటకమని చెప్పి, "మీ పట్టుదలలో లోపం లేదండీ" అని చెప్పి వచ్చాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు తప్ప జవాబు లేదు.

శనివారం అన్నయ్యని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాడు. ఆమె అతన్ని చూసి తల తిప్పుకుంది. తిప్పుకునే ముందు మాత్రం చూసింది.

తన వంతు రాగానే మైకు నాలుగంటే నాలుగు వాక్యాలు చెప్పాడు. నత్తి నాకు లేదు. ఆ కథ నాది కాదు. 'మ' అని చెప్పింది అబద్ధం. మీ మధ్య కూర్చునే అర్హత నాకు లేదు. చేతులు ఊపలేదు, గొంతు వణికించలేదు.

ఆ వెంటనే ఆమె కూడా లేచింది. "నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు. నా తప్పు కూడా రాసుకోండి."

తాళాలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనలేదు. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి కింద రాపిడి యంత్రం గీమంది. ఆ మౌనానికి ఏ అర్థం చెప్పుకోవాలో మైకు ఈసారి తొందరపడలేదు. ఆయనే చెప్పాలి, చెప్పాలనుకున్నరోజు.

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "మీ పేరండీ?"

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. దవడ బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది. మైకు తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కింద యంత్రం ఒక తాళంచెవి పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది పేరు, పూర్తిగా, ఆయన గొంతులోనే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కనున్నాయన "నా పేరుకీ ఇంతే టైము పడుతుంది" అన్నట్టు తల ఊపాడు.

అందరూ వెళ్ళాక ముగ్గురే మిగిలారు. మైకు కుర్చీలు సర్దుతూ, కుర్చీతో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు. "రెండో మాట అందరి ముందూ చెప్పేశాను."

"అయితే?" అంది ఆమె.

"మొదటిది వింటానన్నారు."

"ఏది? వానలో వినపడలేదన్నానుగా."

"ఇప్పుడు వాన లేదు. మీరంటే నాకు ఇష్టం."

"ఉద్యోగం లేదు, బ్రాండ్ లేదు. ఉన్న ఒక్క కథా నీది కాదు. ఏం చూసి ఒప్పుకోవాలి?"

"కుర్చీలు బాగా వేస్తాను కదండీ."

ఆమె నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుని, అన్నయ్య ముందుకి వెళ్ళి నిలబడింది. "ఏమండీ అన్నయ్యగారూ. మీ తమ్ముడు నాకు నచ్చాడు. ఎందుకని మాత్రం అడక్కండి, నాకే సిగ్గుగా ఉంది. మీరేమంటారు?"

అన్నయ్య నోరు తెరిచాడు. మాట పట్టేసింది. మైకు "సరే అంటు..." అనబోయాడో లేదో, ఆమె అతని కాలు కచ్చగా తొక్కింది. మైకు మూలిగి నోరు మూశాడు. అన్నయ్య వాళ్ళిద్దర్నీ చూసి నవ్వాడు. నవ్వు అయ్యాక, నింపాదిగా, తనకి కావలసినంత సమయం తీసుకుని చెప్పాడు.

"నాకు ఇష్టమే అమ్మా... కానీ పెళ్ళి మాట... తర్వాత." తమ్ముడి వైపు తిరిగాడు. నవ్వు పోయింది. "ఆ... కోర్సు... కొన్నవాళ్ళు ఎంతమంది?"

"మూడు వందల నలభై."

"ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చెయ్. మెసేజి... కాదు. నోటితో... చెప్పు. తిడితే పడు. ఎవరికైనా మాట... ఆగితే, నువ్వూ ఆగు. మధ్యలో దూరావంటే... చంపుతా." కుర్చీ ఒకటి లాగి తమ్ముడి ముందు వేశాడు. "రేపు... కాదు. ఇప్పుడే, ఇక్కడే... కూర్చో. మొదటి నంబరు... నొక్కు."